స్ట్రోక్ పేషెంటును వేళకు తెచ్చాం, అయినా గుమ్మం దగ్గరే గంటన్నర పోయింది: అంబులెన్స్‌కీ ఆసుపత్రికీ మధ్య ఏం కుదరాలి?

దారిదీపం (అంబులెన్స్ ఈఎంటీ)
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటును చూసుకునే మనిషిగా, పనిచేస్తున్నాను. పోయిన వారం తెచ్చిన ఒక కేసు మనసులోంచి పోవట్లేదు.

ఆమెకు 58 ఏళ్లు. మాట్లాడుతుండగానే కుడి చెయ్యి వాలిపోయింది, మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయలేదు. మేం కూడా చేయలేదు. షుగర్ చూశాం, మామూలుగానే ఉంది. బీపీ 170/96. లక్షణాలు మొదలైన 50వ నిమిషానికి క్యాజువాలిటీ గుమ్మంలో ఉన్నాం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఉంటుంది కదా, ఈమెకు చాలా టైముంది అనుకున్నాను.

లోపల స్ట్రెచర్ ఖాళీ లేదు. నర్సు ఒక యాక్సిడెంట్ కేసు మీద ఉంది. నేను చెప్పింది ఒకరు విన్నారు, ఆయన ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరికి "చెయ్యి లాగుతోందట" అన్న ముక్క మాత్రమే చేరింది. 35 నిమిషాలు కారిడార్‌లోనే. తర్వాత సీటీ గదిలో వేరే స్కాన్ నడుస్తోంది. న్యూరాలజిస్టుకు ఫోన్ వెళ్లింది స్కాన్ అయ్యాకే. ఇంజెక్షన్ పడేసరికి గుమ్మం దాటి గంటా నలభై నిమిషాలు.

ఆ రాత్రి అక్కడ ఒక్కరు కూడా ఖాళీగా కూర్చోలేదు. ఎవరి పనిలో వాళ్లు పరుగులు పెడుతూనే ఉన్నారు. అందుకే ఎవరి మీదా కోపం రావట్లేదు, కానీ నిద్ర కూడా పట్టట్లేదు. మీలో ఆసుపత్రి లోపల పనిచేసేవాళ్లు చెప్పండి: మేం దారిలో ఉండగా ఏం చేస్తే మీకు పనికొస్తుంది?

---

వసుధ_స్ట్రోక్‌నర్సు
మంగళవారం, ఉదయం 6:15

తమ్ముడూ, రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. నువ్వు చెప్పిన ఆ 35 నిమిషాల కారిడార్ నాకు బాగా తెలుసు.

దారిలో ఉండగానే ఫోన్ చెయ్యి. అయితే "స్ట్రోక్ కేసు తెస్తున్నాం" అంటే సరిపోదు. మాకు కావాల్సినవి ఇవి: వయసు, చివరిసారి మామూలుగా ఉన్నట్టు ఎవరు ఎన్నింటికి చూశారు, ఏ వైపు పడింది, మాట ఎలా ఉంది, షుగర్, బీపీ, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, ఎన్ని నిమిషాల్లో వస్తారు. ఒక నిమిషంలో అయిపోతుంది. పేరు, పుట్టిన తేదీ కూడా చెప్పగలిగితే మీరు రాకముందే సీటీ ఆర్డర్ పెట్టేస్తాం. మీరు గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె మా కంప్యూటర్‌లో అప్పటికే పేషెంటు అయి ఉండాలి.

సాధ్యమా అని అడిగేవాళ్లకు ఫిన్లాండ్‌లోని హెల్సింకీ గురించి చెప్తుంటాను. అక్కడి యూనివర్సిటీ ఆసుపత్రిలో 1998లో గుమ్మం నుంచి సూది దాకా 105 నిమిషాలు పట్టేది. 2011 నాటికి దాన్ని 20 నిమిషాలకు తెచ్చారు. కొత్త మందు ఏమీ రాలేదు. అదే మందును, చేయాల్సిన పనుల వరుస మార్చి ఇచ్చారు. ఒక్క రోజులో కూడా కాలేదు, పన్నెండు పదమూడేళ్లు ఒక్కొక్క మెలిక విప్పుకుంటూ వచ్చారు.

---

క్యాజువాలిటీ_రాత్రి
మంగళవారం, ఉదయం 9:02

ఎమర్జెన్సీ డాక్టర్‌ని. అవతలి వైపు నుంచి ఒక మాట.

ఫోన్లు మాకు వస్తాయి. మూర్ఛ వచ్చి చెయ్యి చచ్చుబడినవాళ్లు, షుగర్ పడిపోయినవాళ్లు, మైగ్రేన్‌వాళ్లు, అందరూ "స్ట్రోక్" పేరుతోనే వస్తారు. ప్రతిసారీ అందరినీ పరుగెత్తిస్తే నాలుగోసారికి ఎవరూ కదలరు. రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి. ముందస్తు ఫోన్ వల్ల లాభం గురించి అమెరికాలో 2012లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. అంబులెన్స్‌లో వచ్చిన మూడున్నర లక్షల మందికి పైగా పేషెంట్ల లెక్క. ఫోన్ చేసి తెచ్చినవాళ్లకు స్కాన్ 26 నిమిషాల్లో అయింది, చేయకుండా తెచ్చినవాళ్లకు 31 నిమిషాలు. సూది దాకా తీసుకుంటే 78కి 80. రెండే నిమిషాల తేడా. కాబట్టి ఫోన్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని దయచేసి ఎవరూ నమ్మొద్దు.

---

వసుధ_స్ట్రోక్‌నర్సు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

డాక్టర్ గారూ, మీరు చెప్పిన లెక్క నిజమే. దాన్నే నేను ఇంకోలా చదువుతాను. ఫోన్ వచ్చింది సరే, వచ్చాక ఇవతల ఏం కదిలింది? ఎత్తినవాళ్లు "సరే రండి" అని పెట్టేస్తే ఆ రెండు నిమిషాలే మిగులుతాయి. హెల్సింకీలో ఆ ఫోన్‌తో అరడజను పనులు మొదలయ్యేవి. పాత రికార్డులు తెరిచేవాళ్లు, ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో మాట్లాడేవాళ్లు, స్కాన్ ఆర్డర్ పెట్టేవాళ్లు, మందు సిద్ధంగా ఉంచేవాళ్లు. పేషెంటు వచ్చేసరికి స్ట్రోక్ డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి ఉండేవాడు. సీటీ మెషీన్‌ను ఎమర్జెన్సీలోకే మార్చారు. సూది సీటీ బల్ల మీదే వేశారు. రక్త పరీక్షలన్నీ వచ్చేదాకా ఆగలేదు. చాలామందికి సూదికి ముందు తప్పనిసరిగా చూడాల్సింది షుగర్ ఒక్కటే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు, రక్తస్రావ జబ్బు అనుమానం ఉన్నవాళ్లకు మాత్రం రిపోర్టు కోసం ఆగాలి.

స్ట్రోక్ కానివాళ్ల కోసం పరుగెత్తడం గురించి: ఒక పేషెంటును సీటీ దాకా తీసుకెళ్లి "కాదు" అని తేల్చడానికి పట్టేది కొద్ది నిమిషాలు. నిజమైన స్ట్రోక్‌ను కారిడార్‌లో వదిలేస్తే పోయేది ఒక మనిషి మాట, నడక. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. మీ రాత్రి డ్యూటీ కష్టం నాకు తెలియక కాదు. అందుకే అందరూ పరుగెత్తొద్దు అంటాను. ఇద్దరు ముగ్గురు చాలు, కానీ ఆ ఇద్దరు ముగ్గురు ఎవరో ముందే తెలిసి ఉండాలి.

---

సీటీ_గది
మంగళవారం, రాత్రి 8:10

రేడియోగ్రాఫర్‌ని. మా గది గురించి ఎవరూ అడగరు, కానీ అన్నీ వచ్చి ఆగేది ఇక్కడే.

ఫోన్ ఎమర్జెన్సీకి వస్తుంది. మాకు రాదు. బల్ల మీద పొట్ట స్కాన్ కోసం ఒకాయనను పడుకోబెట్టి, మందు ఎక్కించడం మొదలుపెట్టాక తలుపు తడతారు, "స్ట్రోక్!" అని. సగంలో ఎలా ఆపను? అదే కేకను పది నిమిషాల ముందు వేస్తే ఆ పొట్ట స్కాన్ మొదలే పెట్టను. ఆయన ఇంకో పావుగంట ఆగినా ఏం కాదు.

రెండో సంగతి స్ట్రెచర్. అంబులెన్స్ స్ట్రెచర్ నుంచి ఎమర్జెన్సీ మంచం మీదకు, అక్కడి నుంచి ఇంకో స్ట్రెచర్‌కు, దాని మీద నుంచి మా బల్లకు. మూడు మార్పిళ్లు. అంబులెన్స్ స్ట్రెచర్ మీదే నేరుగా మా గదికి తెస్తే ఒక్కటే మార్పిడి. దారిలో గుమ్మం దగ్గర డాక్టరు శ్వాస, నాడి, బీపీ చూస్తే చాలు. ఈఎంటీ వాళ్లు మరో ఐదు నిమిషాలు మాతో ఉండాలి, అంతే.

మోచేతి మడతలో 18 గేజ్ క్యాన్యులా (నరంలో ఉంచే లావుపాటి గొట్టం) మీరే పెట్టి తెస్తే రక్తనాళాల స్కాన్‌కు మళ్లీ గుచ్చక్కర్లేదు. కానీ దానికోసం బయలుదేరడం ఆపొద్దు. బండి కదిలాక వీలైతే పెట్టండి, లేకపోతే వదిలేయండి.

బరువు కూడా చెప్పండి. మందు డోసు బరువును బట్టే. తూకం వేసే మంచం వెతుకుతూ తిరగడం కళ్లారా చూశాను.

---

కాల్‌టేకర్_77
మంగళవారం, రాత్రి 10:25

కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తే పని నాది. అందరూ అంబులెన్స్ దగ్గర మొదలుపెడుతున్నారు, కథ అంతకంటే ముందు మొదలవుతుంది.

ఫోన్ చేసినవాళ్లు "స్ట్రోక్" అనరు. "పక్షవాతం" అని కూడా ఎక్కువమంది అనరు. "పడిపోయాడు" అంటారు, "అదోలా మాట్లాడుతోంది" అంటారు, "కాఫీ కప్పు చేతిలోంచి జారిపోయింది, మళ్లీ పట్టుకోలేకపోతున్నాడు" అంటారు. "పడిపోయాడు" అన్న మాట వినగానే మేం దెబ్బలు తగిలిన కేసుగా రాసుకుంటే, స్ట్రోక్ అక్కడే తప్పిపోతుంది. అందుకే పడిపోయారన్న ప్రతి ఫోన్‌కూ నేను మూడు ప్రశ్నలు వేస్తాను. నవ్వమని చెప్పండి, మూతి ఒకవైపే కదులుతోందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి వాలిపోతోందా? ఒక వాక్యం చెప్పించండి, సరిగా వస్తోందా? మీరందరూ ఫాస్ట్ (ఇంగ్లీషులో మూతి, చెయ్యి, మాట, టైము అన్న పదాల మొదటి అక్షరాలు) అని పిలుచుకునేది ఇదే, ఫోన్‌లో.

దీనికి అందని కేసులున్నాయి. మెదడు వెనక భాగంలో వచ్చే స్ట్రోక్‌లో చెయ్యీ మాటా బాగానే ఉండొచ్చు. ఉన్నట్టుండి నిలబడలేకపోవడం, రెండు బొమ్మలు కనిపించడం, ఒకవైపు చూపు పోవడం ఉంటాయి. బ్యాలెన్స్, కళ్లు కలిపి బీ ఫాస్ట్ అన్నది అందుకే వచ్చింది. కళ్లు తిరిగే ప్రతి ఒక్కరూ స్ట్రోక్ కాదు గానీ, "ఉన్నట్టుండి" అన్న మాట వినబడితే నేను వదలను.

ఇంకా రెండు చెప్తాను ఫోన్ పెట్టేముందు. నోట్లో ఏమీ పోయొద్దు, నీళ్లు కూడా. ఆస్పిరిన్ వేయొద్దు, ఎందుకంటే గడ్డా రక్తస్రావమా అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది.

---

నాన్నకూతురు
బుధవారం, ఉదయం 7:48

నేను వైద్యురాలిని కాదు. మా నాన్నకు రెండేళ్ల క్రితం వచ్చింది. మీ చర్చ రాత్రంతా చదివాను.

మేం ఆసుపత్రికి వెళ్లాక అందరూ ఒకటే అడిగారు, "ఎన్నింటికి మొదలైంది?" నేను "ఉదయం ఆరింటికి" అన్నాను, ఎందుకంటే ఆరింటికి లేపడానికి వెళ్తే లేవలేకపోయారు. ఒక డాక్టరు కూర్చుని మళ్లీ అడిగారు, "ఆరింటికి మీరు చూశారు. అంతకుముందు బాగున్నట్టు చివరిసారి ఎవరు చూశారు?" అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. నాలుగున్నరకు నాన్న నీళ్లు తాగడానికి లేచి వాడితో మామూలుగా మాట్లాడారట. కానీ వాడు ఇంట్లోనే ఉండిపోయాడు, ఫోన్ ఎత్తలేదు. ముప్పావు గంట తర్వాత దొరికాడు. ఆ ముప్పావు గంట మాకు చాలా ఖరీదైంది.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్లు చాలా మంచివాళ్లు, ధైర్యం చెప్పారు. కానీ ఆ ప్రశ్న అక్కడే, ఇంటి గుమ్మంలోనే అడిగి ఉంటే తమ్ముడు పక్కనే ఉన్నాడు.

---

వసుధ_స్ట్రోక్‌నర్సు
బుధవారం, ఉదయం 8:20

అమ్మా, ఇది రాసినందుకు మీకు నా కృతజ్ఞతలు. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

---

నాన్నకూతురు
బుధవారం, ఉదయం 8:41

నడుస్తున్నారండీ, కర్రతో. మాట పూర్తిగా రాలేదు. నా పేరు పిలుస్తారు.

---

దారిదీపం
బుధవారం, ఉదయం 11:15

అక్కా, మీ పోస్టు చదివి నా సంచిలో పెట్టుకునే కార్డు మీద మొదటి లైను మార్చాను. "ఎప్పుడు మొదలైంది" కొట్టేసి "చివరిసారి బాగున్నట్టు ఎవరు చూశారు, వాళ్ల ఫోన్ నంబరు" అని రాశాను. వీలైతే ఆ చూసిన మనిషినే బండిలో ఎక్కించుకుంటాను. మందుల డబ్బాలు మొత్తం ఒక సంచిలో వేసి తెమ్మంటాను.

---

నరాల_డాక్టర్
బుధవారం, రాత్రి 9:30

న్యూరాలజిస్టుని. నిద్రలో వచ్చిన స్ట్రోక్ గురించి ముందు ఒక మాట, ఎందుకంటే చాలామంది "టైము తెలియదు కాబట్టి ఏం చేయలేరు" అనుకుని నెమ్మదిస్తారు. అలా కాదు. 2018లో వచ్చిన వేకప్ ట్రయల్‌లో ఎంఆర్‌ఐ చూసి, ఎప్పుడు మొదలైందో తెలియనివాళ్లలో కొందరికి సూది వేసి లాభం చూపించారు. పెద్ద నాళంలో గడ్డను తీగతో లాగేసే చికిత్స అయితే, స్కాన్‌లో కాపాడగలిగిన మెదడు ఇంకా మిగిలి ఉందని తేలితే ఆలస్యంగా వచ్చినా కొందరికి పనికొస్తుందని అదే ఏడాది అచ్చైన రెండు ట్రయల్స్ తేల్చాయి, ఒకటి 16 గంటల దాకా, ఒకటి 24 గంటల దాకా. కాబట్టి టైము తెలియకపోయినా ఫోన్ చేయండి, వేగం తగ్గించొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. గడ్డ లాగే సదుపాయం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. అంబులెన్స్‌లో ఉన్న మనిషి దారి చీలిక దగ్గర నిర్ణయించుకోవాలి: దగ్గర్లో ఉన్న, సూది మాత్రమే వేయగల ఆసుపత్రికా? దూరంగా ఉన్న, రెండూ చేయగల ఆసుపత్రికా? చెయ్యి కాలు పూర్తిగా పడిపోయి, కళ్లు ఒకవైపుకే తిరిగిపోయి ఉంటే పెద్ద నాళం మూసుకుపోయి ఉండొచ్చు. రేస్ లాంటి స్కోర్లు దాన్నే అంకెల్లో చెప్తాయి.

దూరమైనా నేరుగా పెద్ద ఆసుపత్రికే వెళ్లడం మేలని చాలామందితో పాటు నేనూ అనుకునేవాణ్ని. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2017 నుంచి 2020 దాకా రేస్‌క్యాట్ అనే ట్రయల్ జరిగింది. పెద్ద నగరానికి దూరంగా ఉన్న ప్రాంతాల్లో, పెద్ద నాళం అనుమానం ఉన్న 1,401 మందిని కొందరిని దగ్గరికి, కొందరిని నేరుగా దూరానికి పంపారు. మూడు నెలల తర్వాత గడ్డ స్ట్రోక్ ఉన్నవాళ్లలో తేడా కనబడలేదు. దగ్గరికి వెళ్లినవాళ్లకు సూది ఎక్కువమందికి పడింది, దూరం వెళ్లినవాళ్లలో గడ్డ తీయడం ఎక్కువమందికి జరిగింది. రెండూ చెల్లుకు చెల్లు అయ్యాయి. పైగా స్కాన్‌లో రక్తస్రావం అని తేలినవాళ్లు దూరం వెళ్లడం వల్ల నష్టపోయారని తర్వాతి విశ్లేషణలో తెలిసింది.

---

క్యాజువాలిటీ_రాత్రి
బుధవారం, రాత్రి 10:05

అంటే దగ్గరి ఆసుపత్రికే తేవాలనే కదా మీరనేది? మా దగ్గర గడ్డ తీసే సదుపాయం లేదు. మేం సూది వేసి, అక్కడికి పంపడానికి ఎంత సేపు పడుతోందో చెప్పమంటారా? రెండున్నర గంటలు. బెడ్ ఉందా అని ఒక ఫోన్, డాక్టరు ఒప్పుకోవాలని ఒక ఫోన్, స్కాన్ సీడీ కోసం ఎదురుచూపు, చివరికి అంబులెన్స్ కోసం ఇంకో వరుస.

---

నరాల_డాక్టర్
బుధవారం, రాత్రి 10:50

సరిగ్గా అక్కడికే వస్తున్నాను. కాటలోనియాలో తేడా లేకపోవడానికి ఒక కారణం, అక్కడి చిన్న ఆసుపత్రులు పేషెంటును చకచకా పంపించేయడం. పంపడానికే రెండున్నర గంటలు పట్టే చోట ఆ ఫలితాన్ని అలాగే తెచ్చి పెట్టుకోకూడదు. మీ ఒక్కరి ఇబ్బంది కాదిది. అమెరికాలో 2019 నుంచి 2021 దాకా లక్ష మందికి పైగా స్ట్రోక్ పేషెంట్ల బదిలీలు చూస్తే, మొదటి ఆసుపత్రిలోకి వచ్చి బయటపడటానికి సగటున, అంటే మధ్య పేషెంటుకు, 174 నిమిషాలు పట్టింది. 120 నిమిషాలు మించకూడదని అప్పట్లో సిఫార్సు. ముందస్తు ఫోన్ చేసి తెచ్చినవాళ్ల విషయంలో అది తగ్గింది.

మీరు చెప్పిన నాలుగు ఆలస్యాల్లో మూడింటికి వైద్యంతో సంబంధం లేదు. ఒకే ఫోన్ నంబరు, దాన్ని ఎత్తేవాళ్లకు "సరే" అనే అధికారం, "బెడ్ లేదు" అన్న మాట స్ట్రోక్‌కు చెల్లదని ముందే రాసుకున్న ఒప్పందం. బొమ్మలు సీడీలో కాదు, తెర మీద వెళ్లాలి. ఇక అంబులెన్స్. తెచ్చిన బండినే స్కాన్ అయ్యేదాకా, ఓ పావుగంట, గుమ్మం దగ్గర ఆపి ఉంచండి. పెద్ద గడ్డ అని తేలితే అదే బండిలో వెళ్లిపోవచ్చు.

మందు విషయంలో కూడా మార్పు వచ్చింది. గడ్డ కరిగించే పాత మందు ఆల్టెప్లేజ్ అయితే పది శాతం ఒకేసారి ఇచ్చి మిగతాది గంటసేపు పంపుతో ఎక్కించాలి, దారిలో ఆ పంపును చూసుకునే మనిషి కావాలి. కొత్త మందు టెనెక్టెప్లేజ్ ఒకే సూది. కెనడాలో జరిగిన యాక్ట్ ట్రయల్ 2022లో ఇది దానికి తీసిపోదని చూపింది. సూది వేయడం, బయలుదేరడం, అంతే.

---

దారిదీపం
గురువారం, ఉదయం 5:55

డాక్టర్ గారూ, స్ట్రెచర్‌తో పాటు బండిని పావుగంట ఆపమంటున్నారు. నాకు మనసుకు నచ్చిన మాటే. కానీ ఆ పావుగంటలో ఇంకో ఫోన్ వస్తే, అవతల ఎవరో ఊపిరాడక ఉంటే? ఇది నేను ఒప్పుకుంటే సరిపోదు, కంట్రోల్ రూమ్ ఒప్పుకోవాలి.

---

కాల్‌టేకర్_77
గురువారం, ఉదయం 9:18

దారిదీపం అన్నది నిజం. మాకు తెర మీద ఆ బండి "ఆసుపత్రిలో ఆగింది" అని మాత్రమే కనబడుతుంది, ఎందుకు ఆగిందో కనబడదు. "స్ట్రోక్, స్కాన్ కోసం" అని ఒక గుర్తు పెట్టుకోగలిగితే ఇరవై నిమిషాల దాకా దాన్ని కదపకుండా పక్క బండిని పంపగలం. పక్క బండి లేని రాత్రులు ఉంటాయి. అప్పుడు కదపాల్సిందే. ఇది కాగితం మీద రాసి, రెండు వైపులా సంతకం పెట్టుకోవాల్సిన విషయం.

---

మ్యాపు_చూసేవాడు
గురువారం, మధ్యాహ్నం 1:40

ఆరోగ్య సేవల ప్రణాళిక నా చదువు. "దగ్గరా, దూరమా" వాదనలో ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను.

2010లో లండన్, మాంచెస్టర్ రెండూ స్ట్రోక్ సేవలను తిరగరాశాయి. లండన్‌లో ఎనిమిది ప్రత్యేక యూనిట్లు పెట్టి, స్ట్రోక్ అనుమానం ఉన్న ప్రతి పేషెంటూ వాటిలో ఒకదానికే వెళ్లాలన్నారు. మాంచెస్టర్‌లో మూడు పెట్టారు గానీ, నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్లనే అక్కడికి పంపమన్నారు, మిగతావాళ్లు మామూలు ఆసుపత్రికి. ఫలితం? ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు రెండు చోట్లా తగ్గాయి. కానీ మిగతా దేశంలో ఎలాగూ వస్తున్న మెరుగుదలను మించి మరణాలు తగ్గింది లండన్‌లోనే. మాంచెస్టర్‌లో ప్రత్యేక యూనిట్‌కు వెళ్లాల్సిన చాలామంది వెళ్లనేలేదు. 2015లో వాళ్లు కూడా నియమం మార్చి, అందరినీ పంపడం మొదలుపెట్టారు.

బండిలో ఉన్న మనిషికి "ఒకవేళ ఇదైతే అక్కడికి, అదైతే ఇక్కడికి, ఈ గంటల్లో అయితే ఇంకోచోటికి" అని చెప్తే అక్కడే ఆలోచనలో పడిపోతారు. నియమం ఎంత చిన్నదైతే అంత గట్టిగా నిలబడుతుంది.

---

నరాల_డాక్టర్
గురువారం, మధ్యాహ్నం 3:05

మీ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. అయితే లండన్‌లో ఎక్కడి నుంచైనా అరగంటలో ఒక యూనిట్‌కు చేరేలా వేసుకున్న లెక్క అది. రెండు గంటల దూరం ఉన్న చోట "అందరూ పెద్ద ఆసుపత్రికే" అంటే సూది వేళ దారిలోనే దాటిపోతుంది. నియమం చిన్నదిగా ఉండాలి, కానీ ఆ ప్రాంతం రోడ్లను చూసి రాసిందై ఉండాలి.

---

కొత్తగా_చేరాను
గురువారం, సాయంత్రం 6:20

సీటీ మెషీనే అంబులెన్స్‌లో పెడితే ఈ గొడవంతా ఉండదు కదా? అలాంటివి ఉన్నాయని విన్నాను.

---

క్యాజువాలిటీ_రాత్రి
గురువారం, రాత్రి 7:45

ఉన్నాయి. 2008లో జర్మనీలోని హోంబుర్గ్‌లో మొదలైంది. ఫోన్ వచ్చినప్పటి నుంచి చికిత్స నిర్ణయం దాకా మామూలుగా 76 నిమిషాలు పడితే, ఆ బండితో 35 పట్టాయి. అమెరికాలో హ్యూస్టన్ కేంద్రంగా జరిగిన ట్రయల్ 2021లో వచ్చింది: సూదికి అర్హులైనవాళ్లలో మూడు నెలలకు దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లు ఆ బండితో 55 శాతం, మామూలు అంబులెన్స్‌తో 44 శాతం.

కానీ ఆ బండి ఒక చుట్టుపక్కల వరకే తిరుగుతుంది, అందులో ప్రత్యేక సిబ్బంది కావాలి, జనం దట్టంగా ఉన్నచోటే దానికి పని. ఒక ఫోన్ కాల్ కుదరని చోట సీటీ బండి కొంటే అది కూడా ఇంకో కారిడార్‌లో ఆగుతుంది.

---

ఫిజియో_అరుణ
శుక్రవారం, ఉదయం 10:10

సూది దాకా వచ్చి అందరూ ఆగిపోయారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి సూదీ పడదు, గడ్డ తీయడమూ కుదరదు. వాళ్లందరికీ పనిచేసేది స్ట్రోక్ యూనిట్. ఒకే చోట మంచాలు, స్ట్రోక్ తెలిసిన నర్సులు, మింగగలరా లేదా చూశాకే నోటికి ఏదైనా ఇవ్వడం, మాట నేర్పేవాళ్లు, మేము. వయసుతో, తీవ్రతతో పనిలేకుండా ప్రాణాలు నిలబెట్టేది ఇదే. సూది వేసి, మంచం లేదని నాలుగు వార్డుల్లో నాలుగు రకాలుగా పడుకోబెడితే మీరు ఆదా చేసిన నిమిషాలు న్యుమోనియాకు పోతాయి.

తొందర అన్నిచోట్లా మంచిది కాదని కూడా చెప్పాలి. మొదటి 24 గంటల్లోనే పదేపదే లేపి నడిపించడం వల్ల ఫలితం తగ్గిందని 2015లో అవర్ట్ ట్రయల్ చెప్పింది. కాబట్టి మా వంతు వచ్చేసరికి వేగం వేరు.

---

దారిదీపం
శుక్రవారం, రాత్రి 11:30

ఇంకో విషయం అడగాలి. మేం తెచ్చి అప్పజెప్పాక ఏమైందో మాకు ఎవరూ చెప్పరు. పదకొండేళ్లలో నేను తెచ్చిన స్ట్రోక్ కేసుల్లో ఎన్ని నిజమైనవో, ఎన్ని కావో, ఎంతమందికి సూది పడిందో నాకు తెలియదు. తప్పు గుర్తించానని తెలిస్తేనే కదా మళ్లీ సరిగ్గా గుర్తించేది?

---

వసుధ_స్ట్రోక్‌నర్సు
శనివారం, ఉదయం 6:40

ఇది మా తప్పు. రేపటి నుంచి నేను చేస్తాను: ప్రతి కేసుకూ మూడు లైన్లు. స్ట్రోక్ అవునా కాదా, చికిత్స ఏం జరిగింది, గుమ్మం నుంచి సూది దాకా ఎన్ని నిమిషాలు. పేరు ఉండదు, కేసు నంబరు మాత్రమే.

ఆ నిమిషాలు లెక్కపెట్టేముందు ఒక చిన్న పని. గడియారాలు కలపండి. మా దగ్గర ఒకసారి పేషెంటు ఆసుపత్రికి రాకముందే సీటీ అయిపోయినట్టు రికార్డులో వచ్చింది. అంబులెన్స్ టాబ్లెట్‌కూ సీటీ మెషీన్‌కూ ఏడు నిమిషాల తేడా ఉంది. దాని మీద మేం నెలంతా వాదించుకున్నాం.

రాత్రులను విడిగా లెక్కపెట్టండి. హెల్సింకీ పద్ధతిని మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి 2012లో తీసుకుంటే, పగటి వేళల్లో 43 నిమిషాల నుంచి 25కు వచ్చింది, నాలుగు నెలల్లోనే. రాత్రులు, సెలవు రోజుల్లో పెద్దగా మారలేదు. రెండూ కలిపి చూస్తే అంకె అందంగా ఉంటుంది, రాత్రి వచ్చిన మనిషి మాత్రం కారిడార్‌లోనే ఉంటాడు.

---

దారిదీపం
మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఎలా జరుగుతోందో చెప్దామని వచ్చాను.

ఈ చర్చ అచ్చు తీసి మా సూపర్‌వైజరుకు ఇచ్చాను. ఆయన ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒక టేబుల్ చుట్టూ కూర్చున్నాం: మేం ఇద్దరం, కంట్రోల్ రూమ్ నుంచి ఒకరు, క్యాజువాలిటీ నర్సు, డ్యూటీ డాక్టరు, రేడియోగ్రాఫర్, న్యూరాలజిస్టు. ఇన్నేళ్లలో ఆ రేడియోగ్రాఫర్‌తో మాట్లాడటం ఇదే మొదటిసారి. మా స్ట్రెచర్ ఎత్తు ఆయన బల్లకు సరిపోతుందా లేదా అన్నది అప్పటికప్పుడు వెళ్లి కొలిచి చూశాం. సరిపోయింది.

మూడు విషయాలే ఒప్పుకున్నాం. ఒక నంబరు, అది మోగితే ఎమర్జెన్సీలోనూ సీటీ గదిలోనూ కలిపి వినబడుతుంది. స్ట్రెచర్ మీదే సీటీకి. మూడు లైన్ల జవాబు. బండి ఆపడం గురించి కుదరలేదు, వచ్చే నెల మళ్లీ మాట్లాడతాం.

ఇప్పటిదాకా ఆరు కేసులు. రెండు స్ట్రోక్ కాదు, ఒకటి మూర్ఛ, ఒకటి మైగ్రేన్. ఒకటి రక్తస్రావం. మిగతా మూడింటిలో ఇద్దరికి సూది పడింది: పగలు వచ్చినాయనకు 38 నిమిషాలు, రాత్రి రెండింటికి వచ్చినామెకు 71. మూడో ఆయన రక్తం పల్చబడే మందు మీద ఉన్నారు, ఇవ్వలేదు.

ఆ 71 ఎక్కడ పోయాయో చూశాం. ఫోన్ వెళ్లింది, మోగింది. రాత్రి రేడియోగ్రాఫర్ కొత్తవాడు, ఆ మోత ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు.

---

సీటీ_గది
ఆదివారం, సాయంత్రం 4:02

అన్నా, ఫోన్ వస్తే ఏం చేయాలో రాసిన కాగితం ఎక్కడ పెట్టారు?

---

దారిదీపం
ఆదివారం, సాయంత్రం 4:20

ఎమర్జెన్సీ నోటీసు బోర్డు మీద ఉండేది. నిన్న రాత్రి ఇంకో కాపీ తీసి సీటీ గదిలో ఫోన్ పక్కనే గోడకు అంటించి వచ్చాను. కొత్తబ్బాయి డ్యూటీలోనే ఉన్నాడు. నిలబడి చదివాడు, "బల్ల మీద ఎవరైనా ఉంటే ఏం చేయాలి?" అని అడిగాడు. ఆ లైను మేం రాయలేదు. ఏం రాయాలో మీరే చెప్పండి, రేపు కలుపుతాను.

---

సీటీ_గది
ఆదివారం, సాయంత్రం 4:47

ఇలా రాయండి: "స్కాన్ మొదలుకాకపోతే బల్ల ఖాళీ చేయించు. మొదలైతే పూర్తి చెయ్యి, ఎన్ని నిమిషాలు పడుతుందో వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి చెప్పు. తర్వాతి పేషెంటును మాత్రం బల్ల ఎక్కించకు."